కొబ్బరి నీడలో సేద్యం: వాడపల్లి పరిసరాల తోటల చరిత్ర

కోనసీమలో ఉత్త తోట అంటే కొబ్బరి తోటే. మామిడి తోటకైనా జామ తోటకైనా ముందు చెట్టు పేరు చేర్చి చెప్పాలి, కొబ్బరికి ఆ అవసరం లేదు. ఆ తోటలో ఎక్కడ నిలబడినా నీడే, కాని అది మర్రిచెట్టు కింద పరుచుకునే చిక్కటి నీడ కాదు. కమ్మల మధ్య నుంచి జారిన ఎండ పొద్దుతోపాటు నేలమీద జరుగుతూ పోతుంది. ఏ మొక్కకూ రోజంతా ఎండ దక్కదు, ఏ మొక్కా రోజంతా చీకట్లో ఉండదు. ఈ నీడలో ఏది బతుకుతుంది, ఏది బతికినా కాపు ఇవ్వదు, ఏది నీడ ఉంటేనే కళగా ఉంటుంది అన్న ఎంపిక ఇక్కడ తరాలుగా సాగుతోంది. ఎంపిక మారిన ప్రతిసారీ దాని వెనక ఏదో ఒక బలమైన కారణం ఉంది: కాలువ నీరు, తుపాను, బజారు ధర, లేదా పైనున్న చెట్టు వయసు.

వాడపల్లి గౌతమి కుడి గట్టున, ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, రావులపాలేనికి ఎగువన ఉన్న ఊరు. ఆత్రేయపురం మండలంలోది. ఏడు శనివారాలు వచ్చి ఏడేసి ప్రదక్షిణలు చేసే భక్తులతో ఇక్కడి వేంకటేశ్వరస్వామి ఆలయం కోనసీమ తిరుపతిగా పేరు పొందింది. మూలవిరాట్టు శిల కాదు, చందనపు కొయ్య. గోదావరిలో కొట్టుకువచ్చిన చెట్టునుంచి స్వామి వెలిశాడని స్థలపురాణం. సేద్యం దృష్టితో చూస్తే ఈ ఊరికి ఉన్న పెద్ద భాగ్యం ఏటి ఒండ్రు, తీపి నీరు. ఇక్కడినుంచి సముద్రం వైపు పోయేకొద్దీ, కాట్రేనికోన, అల్లవరం, సఖినేటిపల్లి ప్రాంతాల్లో భూగర్భజలంలో ఉప్పు పెరుగుతుంది. అక్కడ కొబ్బరి నిలుస్తుంది గాని దాని కింద అరటి, పసుపు, కంద అంత సులువుగా నిలవవు. నీడ మొక్కల చరిత్ర ఎగువ కోనసీమలోనే చిక్కగా ఉండడానికి మొదటి కారణం ఇదే.

కొబ్బరి నీడకు వయసు ఉంటుంది. తూర్పు తీరపు పొడుగు రకం, అంటే రైతులు దేశవాళీ అనే చెట్టు, నాటిన తర్వాత ఏడెనిమిది ఏళ్ళ వరకు నేలను పూర్తిగా కప్పదు. వరుసల మధ్య దండిగా ఎండ పడుతుంది. అక్కడినుంచి సుమారు 25 ఏళ్ళ వయసు దాకా మట్టలు తక్కువ ఎత్తులోనే నాలుగు వైపులా పరుచుకుని ఉంటాయి, పక్క చెట్టు మట్టలతో కలుస్తాయి. అప్పుడు నేలకు చేరే వెలుగు అయిదో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత మాను పొడుగై తల పైకి పోయేకొద్దీ ఏటవాలు ఎండ మళ్ళీ లోపలికి వస్తుంది. నలభై ఏళ్ళు దాటిన తోటలో దాదాపు సగం వెలుగు నేలకు అందుతుంది. అందువల్ల ఒకే తోటలో తండ్రి వేసిన పంట కొడుకు కాలానికి పనికిరాకపోవచ్చు, మనవడి కాలానికి మళ్ళీ పనికిరావచ్చు. కొబ్బరి కింద ఏమేమి వేయవచ్చో చెప్పే జాబితాలు చాలానే ఉన్నాయి. చెట్టు వయసు చెప్పని జాబితా రైతుకు సగమే ఉపయోగం.

వేళ్ళ సంగతీ అంతే ముఖ్యం. కొబ్బరికి తల్లివేరు లేదు. మాను మొదలునుంచి పుట్టే పీచు వేళ్ళలో ఎక్కువ భాగం చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. ఎనిమిది మీటర్ల ఎడంలో నాటిన చెట్టుకు దక్కే నేల 64 చదరపు మీటర్లు. వేళ్ళు గట్టిగా వాడుకునే పాదు 12, 13 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి 60 పైచిలుకు చెట్లు నిలబడి కూడా నేలలో అయిదో వంతునే తమదిగా చేసుకుంటాయి. మిగిలిన దానిలో నీడ ఉంది గాని వేళ్ళ పోటీ తక్కువ. మామిడి కిందో చింత కిందో లేని వెసులుబాటు ఇది. ఆ చెట్ల కింద నీడతోపాటు వేళ్ళతోనూ పోరాడాలి.

చెట్ల మధ్య ఎడం గురించి మన దేశంలో పాత ఆలోచనే ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలో చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 మూరలు ఉత్తమం, 16 మధ్యమం, 12 అధమం అని లెక్క చెప్పాడు. కొమ్మలూ వేళ్ళూ ఒకదానితో ఒకటి తగిలితే కాపు తగ్గుతుందన్నది అందుకు కారణం. మూర అడుగున్నర అనుకుంటే 16 మూరలు 24 అడుగులు. కోనసీమలో కొబ్బరికి వదిలే ఎడం 25 అడుగులు. రెండు లెక్కలూ ఒకదాని నుంచి మరొకటి వచ్చాయని కాదు. చెట్టును గమనించిన వాళ్ళు ఎక్కడున్నా అటుఇటుగా అదే కొలతకు చేరతారని మాత్రం తెలుస్తుంది.

ఆనకట్టకు ముందు కోనసీమ నేల మెరక, పల్లం అని రెండుగా విడిపోయి ఉండేది. పల్లంలో వర్షాధారపు వరి, మెరకమీద ఇల్లు, ఇంటి చుట్టూ పెరడు. కొబ్బరి ఎక్కువగా మెరకదే. నీడ మొక్కల తొలి తావు కూడా ఆ పెరడే. వంటింటి నీళ్ళు, నూతి దగ్గర స్నానాల నీళ్ళు పారే చోట అరటి, దాని కింద చేమ. గోడవారగా పసుపు, అల్లం. నూతి పక్కన చెట్టుకు పాకించిన తమలపాకు తీగ. దూరంగా కంద, పెండలం, చెట్ల మధ్య కరివేపాకు, దొడ్డి అంచున పోకచెట్లు. నేల ఎప్పుడూ తడిగా ఉండే మూలల్లో పొన్నగంటి, సరస్వతి ఆకు వాటంతట అవే అల్లుకుంటాయి. ఈ మొక్కలన్నిటికీ ఒక పోలిక ఉంది. దొడ్డి అంచున నిలిచే పోక తప్ప వీటిలో ఏ ఒక్కటీ గింజకోసం పెంచేది కాదు. ఆకు, దుంప, కొమ్ము, కాడ తినే మొక్కలు కొంత నీడను తట్టుకుంటాయి, పూసి గింజ కట్టాల్సినవి తట్టుకోలేవు. పైరు శాస్త్రం పుస్తకాల్లోకి రాకముందే పెరట్లో ఈ తేడా స్థిరపడిపోయింది. ముదురు కొబ్బరి కింద కందిగాని నువ్వుగాని సాధారణంగా వేయరు.

పూలమొక్కల ఎంపికలోనూ ఈ వివేకం కనిపిస్తుంది. మల్లెకు, బంతికి ఎండ కావాలి. నీడలో ఆకు ముదురుతుందే తప్ప మొగ్గ రాదు. కనకాంబరం అలా కాదు, సగం నీడలో హాయిగా పూస్తుంది. అందుకే తోటవారగా ఉన్న ఇళ్ళలో స్త్రీల జడలకు కనకాంబరం అంత దగ్గరైంది. తులసికి మళ్ళీ ఎండ తప్పదు. మండువా లోగిలిలో నడిమి వాకిలికి ఆకాశం తెరిచి ఉంచడం, తులసికోటను కొబ్బరి నీడ పడని చోట కట్టడం ఆచారంతోపాటు మొక్క అవసరాన్నీ తీర్చాయి.

నీడ మొక్కల్లో కందకు ఇచ్చినంత స్థానం కోనసీమ దేనికీ ఇవ్వలేదు. కంద అడవి నేలలో పుట్టిన జాతి. పెద్ద చెట్ల కింద, ఆకుల కుప్పలో, తొలకరి తడికి మొలిచి, వానాకాలమంతా పెరిగి, చలికాలానికి పండుబారి నేలకు ఒరిగిపోతుంది. ఏడాదికి సాధారణంగా ఒకటే ఆకు, ఆ ఒక్క ఆకే గొడుగులా చీలి పరుచుకుంటుంది. తక్కువ వెలుగును ఎక్కువ వెడల్పుతో పట్టుకునే ఏర్పాటు అది. వేసవిలో కళ్ళున్న ముక్కలుగా కోసి నాటితే సుమారు ఎనిమిది నెలలకు తవ్వకానికి వస్తుంది. దుంపలోని కాల్షియం ఆక్సలేట్ సూదులవల్ల నోరు, గొంతు దురదపెడతాయి. చింతపండు పులుసు, పుల్లటి కూరలు కందకు తోడు రావడం అందుకే. కంద బచ్చలి కూర లేని గోదావరి పెళ్ళి విందు అరుదు. ఆ కూరలోని బచ్చలి కూడా కొంత నీడను ఓర్చేదే కావడంతో, విస్తరిలో ఒక వంటకం మొత్తం కొబ్బరి కిందనుంచే వచ్చినట్టవుతుంది.

ఈ దుంపకు శాస్త్రీయమైన మెరుగు కూడా గోదావరి గట్టునే దొరికింది. కొవ్వూరు పరిశోధన స్థానంలో స్థానిక రకాలనుంచి ఏరి ఎంపిక చేసిన గజేంద్ర అనే రకం 1990ల మొదట్లో విడుదలైంది. దురద బాగా తక్కువ, పక్క పిలకలు లేకుండా ఒకే నున్నటి దుంప, దిగుబడి ఎక్కువ. కొద్దికాలంలోనే అది ఆంధ్ర దాటి బీహార్, బెంగాల్ దాకా పోయింది. దేశంలో కంద పండించే చోట్ల ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు అదే. పెరటి మూల మొక్కగా ఉన్న కంద లారీలకెక్కే సరుకు కావడంలో ఈ ఎంపిక పాత్ర పెద్దది.

నీడ పెరడులోకి సముద్రం దాటి వచ్చినవీ ఉన్నాయి. పేర్లే వాటి పుట్టుక చెబుతాయి. అనాసకు పనస చేర్చి అనాసపనస అన్నారు, అమెరికా ఖండపు దుంపకు కర్ర చేర్చి కర్రపెండలం అన్నారు. తెలిసిన మొక్క పేరును తెలియని మొక్కకు తగిలించి ఇంటిదాన్ని చేసుకోవడం ఇది. అనాస కొబ్బరి నీడకు ఓర్చుకుంది. కర్రపెండలానికి ఎండ కావాలి, కాబట్టి ముదురు తోటల్లో నిలవలేదు. పెద్దాపురం, సామర్లకోట వైపు మెట్టభూముల్లో స్థిరపడి అక్కడి సగ్గుబియ్యం మిల్లులకు ముడిసరుకైంది. ఒకే ఖండంనుంచి వచ్చిన రెండు మొక్కలను నీడ ఇలా రెండు దారుల్లోకి పంపింది.

1832–33 కరువు, 1839 కోరంగి ఉప్పెన గోదావరి సీమను కుంగదీశాయి. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ ప్రతిపాదించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నాలుగు భాగాల్లో ఒకటి ర్యాలి పేరుతో పిలవబడింది. ర్యాలి వాడపల్లికి పొరుగూరే. బొబ్బర్లంక దగ్గర మొదలైన మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమ అంతటా అల్లుకుంది. వైనతేయ మీద గన్నవరం అక్విడెక్టు కట్టడంతో నీరు రాజోలు వైపుకూ చేరింది. ఈ కాలువలు పల్లానికి వరినిచ్చాయి, మెరకకు కొబ్బరినిచ్చాయి. కాలువ తవ్విన మట్టితో లేచిన గట్లు, కాలువ పక్క పొలాల మట్టి దిబ్బలు కొత్త మెరకలయ్యాయి. భూగర్భజలం పైకి రావడంతో వేసవిలో కూడా కొబ్బరి వేళ్ళకు తడి అందింది. పెరడు దాటి ఎకరాలకొద్దీ తోటలు లేచాయి.

తోట పెద్దదైతే కింద వేసేదీ మారాలి. పెరట్లో ఇంటి వాడకానికి పది రకాలు సరిపోతాయి. పది ఎకరాల తోటకు అమ్ముడుపోయే పంట కావాలి. ఆ స్థానాన్ని అరటి తీసుకుంది. లాకులు దాటుకుంటూ పోయే కాలువ పడవలు తొలినాళ్ళలో గెలలను మోశాయి. రోడ్లు, వంతెనలు వచ్చాక రావులపాలెం అరటి మార్కెట్టు రాష్ట్రంలోనే పేరున్నదిగా ఎదిగింది. వాడపల్లి, లొల్ల, ర్యాలి, కొత్తపేట చుట్టుపక్కల గెలలకు అదే గమ్యం. కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, కూరకు బొంత ఇక్కడి పేర్లు. వీటిలో నీడను ఎక్కువ ఓర్చేవి కర్పూరం, బొంత. అమృతపాణికి వెలుగు తగ్గితే గెల చిక్కిపోతుంది. లేత తోటలో ఏదైనా వేయవచ్చు, నడివయసు తోటలో అరటే వద్దు, పాత తోటలో బొంత, కర్పూరం అన్న వరస ఇలా ఏర్పడింది. అరటికి మరో ఉపయోగం తర్వాత కాలంలో బయటపడింది. కొబ్బరి మొదలును కుళ్ళబెట్టే గానోడెర్మా ఎండు తెగులు ఉన్న తోటల్లో అరటిని అంతరపంటగా వేస్తే తెగులు ఉద్ధృతి తగ్గుతుందని పరిశోధకులు గుర్తించి సిఫారసు చేశారు.

ఏ మొక్క నాటాలన్నది వెలుగు, తడి మాత్రమే తేల్చలేదు. కోనసీమలో కౌలు సేద్యం ఎక్కువ. చెట్టు భూయజమానిది, కింద నేల కొన్నాళ్ళకు కౌలుదారుది అయినప్పుడు కౌలుదారు ఏడాదిలో చేతికొచ్చే కంద, పసుపు, చేమ, లేదా ఒకటి రెండు కార్శి పంటలిచ్చే అరటి వైపే చూస్తాడు. ఏళ్ళ తరబడి ఆగి కాపు తీసుకునే మిరియం తీగను, కోకోను నాటే ధైర్యం అతనికి ఉండదు, ఉండమని అడగడమూ న్యాయం కాదు. అందువల్ల ఒకే ఊళ్ళో, ఒకే నీడలో, యజమాని సొంతంగా చేసే తోటలో ఒక పంట, కౌలు తోటలో మరొకటి కనిపిస్తాయి. వ్యవసాయ పుస్తకాలు ఈ సంగతిని దాదాపు చెప్పవు.

దింపు కూడా ఒక కొలతే. రెండు నెలలకోసారి దింపు కార్మికులు చెట్టెక్కి గెలలు కోస్తారు. కాయలు, ఎండిన మట్టలు, డొక్కలు పైనుంచి పడతాయి. తర్వాత కాయ ఏరేవాళ్ళు, మోసేవాళ్ళు, వలుపు కార్మికులు తోటంతా తిరుగుతారు. పాతిక, ముప్పై అడుగుల ఎత్తునుంచి పడే కాయ దెబ్బకు తట్టుకునే మొక్కో, దెబ్బ తిన్నా మళ్ళీ చిగిర్చే మొక్కో అయితేనే చెట్టు చుట్టూ నిలుస్తుంది. పాదును ఖాళీగా వదిలి వరుసల నడుమ మాత్రమే నాటే అలవాటుకు వేళ్ళు ఎంత కారణమో, పడే కాయలూ అంతే కారణం. రాలిన కమ్మలూ వృథా పోవు. ఆత్రేయపురం పూతరేకుల కుండ కింద మంటకు ఎండు కొబ్బరాకే వాడతారు. చివ్వున మండి చప్పున ఆరే ఆ మంట పలచటి రేకుకు సరిగ్గా సరిపోతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ అనుభవానికి పరిశోధన తోడైంది. 1916లో మద్రాసు ప్రభుత్వం కాసరగోడులో కొబ్బరి పరిశోధన మొదలుపెట్టింది. కాసరగోడు అప్పుడు దక్షిణ కెనరాలోది, గోదావరి జిల్లాలూ అదే మద్రాసు రాజధానిలోవి. 1970లో ఆ స్థానం కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ అయింది. 1970ల తొలినాళ్ళలో అక్కడి శాస్త్రవేత్తలు నెల్లియాట్, బవప్ప, నాయర్ కొబ్బరి తోటను మేడలా చూడాలని ప్రతిపాదించారు: పై అంతస్తులో కొబ్బరి, మానుకు అల్లుకుని మిరియం, నడుమ కోకో, నేలమీద అనాస లేదా దుంపలు. బహుళ అంతస్తుల పంట అనే మాట అక్కడినుంచి వ్యాపించింది. చెట్టు వయసునుబట్టి వెలుగు ఎలా మారుతుందో కొలిచి లెక్కలు ఇచ్చిందీ ఆ కృషే. గోదావరి వైపు ఆ పనిని అంబాజీపేటలోని పరిశోధన స్థానం అందుకుంది. 1972లో మొదలైన అఖిల భారత సమన్వయ పథకంలో అది భాగం. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. కేరళ నమూనాను ఇక్కడికి ఉన్నదున్నట్టు తేవడం కుదరలేదు. మలబారులో వాన ఎక్కువ నెలలు కురుస్తుంది. కోనసీమలో వేసవి పొడిగా ఉంటుంది, మరమ్మతులకోసం కాలువలూ ఆ రోజుల్లోనే కట్టేస్తారు. మిరియం తీగ ఎండిపోయేది అప్పుడే. బోరు నీరున్న తోటల్లోనే అది నిలిచింది.

నీడను ఆశ్రయించిన పంటలకు వరద ఒక శత్రువు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. గట్లు తెగి లంకలు, తోటలు మునిగాయి. కొబ్బరి కొన్నాళ్ళు నీళ్ళలో నిలిచినా కోలుకుంటుంది. కంద, పసుపు రెండుమూడు రోజులకే నేలలో కుళ్ళుతాయి. అరటి వేరు ఊపిరాడక పసుపుబారుతుంది. నీటిలో నిలవగలిగింది చేమ ఒక్కటే. గౌతమి ఒడ్డు తోటల్లో గట్టు లోపల ఒక రకం, గట్టు వెలుపల మరో రకం వేయడం ఈ వరదలు నేర్పిన పద్ధతి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను నీడనే తీసుకుపోయింది. వెయ్యిమందికి పైగా చనిపోయిన ఆ విపత్తులో కోనసీమ అంతటా లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. కొన్నిటికి మాను నిలిచి తలలు తెగిపోయాయి. మర్నాటికి తోట ఉన్న చోట ఆకాశం కనిపించింది. నీడలో పుట్టిన ఆకు పలచగా, వెడల్పుగా ఉంటుంది, ఒక్కసారిగా పూర్తి ఎండ పడితే అంచులనుంచి మాడిపోతుంది. కొత్తగా నాటిన దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడు ఏళ్ళు పడుతుంది, తోటకు నీడ తిరిగి రావడానికీ దాదాపు అంతే. ఆ ఖాళీ ఏళ్ళలో ఎండ పంటలకు జాగా దొరికింది. అరటి ఏ సంకోచం లేకుండా పెరిగింది, కూరగాయలు వచ్చాయి. ఒకే ఏడాదిలో నాటిన చెట్లు ఒకేసారి నడివయసుకు చేరడంతో, తర్వాతి దశాబ్దంలో ఊళ్ళకు ఊళ్ళే చిక్కటి నీడలో పడ్డాయి. అంతకుముందు ఒక తోట లేతది, పక్కది ముదురుది అన్నట్టు కలగలుపుగా ఉండేవి.

కోకో వచ్చింది ఈ చిక్కటి నీడలోకే. అమెజాను అడవుల్లో పెద్ద చెట్ల కింద పుట్టిన మొక్క అది. ఇండియాకు 1798లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు కుట్రాలం తోటలకు తెచ్చినా, సాగు ఊపందుకున్నది 1960ల తర్వాత కేరళలో, చాక్లెట్ కంపెనీ క్యాడ్‌బరీ పూనికతో. గోదావరి జిల్లాలకు అది 1990లలో గట్టిగా విస్తరించింది. మొదట పశ్చిమగోదావరి మెట్టలో, తర్వాత కోనసీమలో. ఇప్పుడు దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే ముందంజ. సగం నీడ దానికి చాలు. నాటిన మూడో ఏటినుంచి కాపు మొదలవుతుంది, కాయలు కొమ్మల చివర కాక మానుకే అతుక్కుని వస్తాయి. నాలుగైదు అడుగుల ఎత్తులో తల కత్తిరించి గొడుగులా అదుపులో ఉంచకపోతే తోటంతా చీకటైపోతుంది. కోసిన కాయ పగలగొట్టి గింజలను ఆరు రోజులు పులియబెట్టి ఎండబెట్టాలి. ఈ పులియబెట్టడం సరిగ్గా లేకపోతే వాసన రాదు, ధర రాదు. రాలిన కోకో ఆకు నేలమీద మందంగా పేరుకుని కలుపును అణిచి, కొబ్బరికి ఎరువవుతుంది. ఎలుకలు, ఉడతలు కాయను తొలిచేయడం రైతుకు తప్పని బాధ.

కోకో ఒక పాత సంబంధాన్ని తెంచింది. అది శాశ్వత పంట, కాబట్టి అది దిగిన తోటలో కందకు, పసుపుకు చోటు లేదు, కౌలుదారుకు పని లేదు. ఇంటి వంటకు పనికొచ్చే నీడ పంటల స్థానంలో ఇంట్లో ఎవరూ తినని, ధర ఎక్కడో దూరాన తేలే పంట వచ్చింది. 2024లో ఘనా, ఐవరీ కోస్టుల్లో దిగుబడి పడిపోగా ప్రపంచ బజారులో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది. ఇక్కడ కిలో ఎండు గింజలు 900 రూపాయల పైకి పోయాయి. మరుసటి ఏడు తొలి నెలలకు అది సుమారు సగానికి జారి రైతులు రోడ్డెక్కారు. కంద ధర పడితే ఇంట్లో కూరైనా అవుతుంది. కోకోకు ఆ దారి లేదు.

గౌతమికి అవతలి గట్టున, కడియం, కడియపులంక ఊళ్ళలో నీడ మొక్క మరో బతుకు ఎత్తింది. పూలసాగుతో మొదలైన ఆ ఊళ్ళు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో నర్సరీలకు మళ్ళాయి. పల్లా వెంకన్న వంటి పెంపకందారులు ఆ పేరును దేశమంతా మోశారు. అక్కడ నీడ మొక్క అంటే తినేది కాదు, చూసేది: క్రోటన్లు, మనీప్లాంటు, డిఫెన్‌బాకియా, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, ఫెర్న్‌లు. వీటిలో చాలావరకు కంద, చేమల చుట్టాలే. అదే కుటుంబం, అదే వెడల్పాటి ఆకు, నమిలితే అదే దురద. పెరటి చేమను చూసిన కంటికి నగరపు వరండాలోని డిఫెన్‌బాకియా కొత్తది కాదు. మునుపు తాటాకు, కొబ్బరాకు పందిళ్ళ కింద పెంచేవాటిని ఇప్పుడు నేలకు సగం, పావు వెలుగు మాత్రమే వదిలే షేడ్‌నెట్‌ల కింద పెంచుతున్నారు. తుని, పాయకరావుపేటల తమలపాకు తోటల్లో అవిసె మొక్కలను ముందే మొలిపించి నీడనూ ఊతకర్రనూ ఒకేసారి సంపాదించే పద్ధతి దీనికి పాత తరపు దాయాది. రెండు చోట్లా నీడ దొరికినది కాదు, తయారుచేసుకున్నది.

కోనసీమ తోటలో నీడ మళ్ళీ మారుతోంది. అంబాజీపేటనుంచి వచ్చిన గౌతమి గంగ వంటి పొట్టి రకాలు, గంగాబొండాం కలిసిన సంకరాలు నాలుగైదేళ్ళకే కాపుకొస్తాయి. బొండాలకు గిరాకీ పెరగడంతో వాటి విస్తీర్ణమూ పెరుగుతోంది. పొట్టి చెట్టు తల ఏళ్ళ తరబడి మనిషికి అందేంత ఎత్తులోనే ఉంటుంది. దేశవాళీ తోటలో ముప్పయ్యో ఏట తిరిగివచ్చే వెలుగు ఇక్కడ చాలా ఆలస్యంగా వస్తుంది. ఎడమూ 7, 7.5 మీటర్లకు తగ్గింది. ఇలాంటి తోటల్లో మొదటి మూడు నాలుగేళ్ళు దాటాక కందకైనా వెలుగు చాలదు.

దీనికి తోడు 2016లో తమిళనాడులోని పొల్లాచిలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ అదే ఏడాది కడియం ప్రాంతానికి, అక్కడినుంచి గౌతమి దాటి తోటల్లోకి వచ్చింది. అది కొబ్బరాకు అడుగున రసం పీల్చి తేనెలాంటి బంకను విసర్జిస్తుంది. ఆ బంక కింద ఉన్న అరటి, కోకో, కంద ఆకులమీద పడి నల్లటి మసి బూజు పడుతుంది. అప్పటికే వెలుగు తక్కువైన ఆకుమీద మసి మరో తెర. మందు కొట్టాలంటే చెట్టు ఎత్తు, కొడితే తెల్లదోమను తినే మిత్రపురుగులూ చస్తాయి. అందువల్ల అంబాజీపేట ప్రయోగశాలలో ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇస్తున్నారు, ఎన్‌కార్సియా పరాన్నజీవిని కాపాడుకోమంటున్నారు. పసుపు రంగు జిగురు అట్టలు కట్టిన కొబ్బరి మానులు, వాటి నడుమ ఆకులు నల్లబడ్డ అరటి పిలకలు ఈ తోటల్లో ఇప్పుడు కొత్త దృశ్యం కాదు. గట్టి వాన కురిసినప్పుడు ఆ మసి కొంత కడుక్కుపోయి, కింది ఆకుకు మళ్ళీ వెలుగు తగులుతుంది.